మూసేసిన రెండు కంతలు

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకు, పొద్దున్నే బండ్లు తుడిచి బయట వరసగా నిలబెట్టి వచ్చిన మిత్రులందరికీ నమస్కారం. ఇందాక నన్ను పరిచయం చేస్తూ పాత కార్ల నిపుణుడు అన్నారు. అది నిజం కాదు. నా దగ్గరున్నది ఒక్కటే కారు. దాని మీద నేను చేసిన తప్పులు మాత్రం చాలా ఉన్నాయి. ఆ అర్హత చూసి పిలిచి ఉంటే సంతోషం.

నాకిచ్చిన విషయం, “బాగా కాపాడుకొచ్చిన పాత కారును మార్చుకోవాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా?” టైమ్ ఇరవై నిమిషాలు. రంగు, ఇంజను, భద్రత అని మూడు భాగాలుగా కాగితం మీద రాసుకొచ్చాను. ఆ వరసలో చెప్తానని మాత్రం మాటివ్వలేను. ఎందుకంటే లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గర ఒక కుర్రాడు ఆపేశాడు.

తాతగారి కారు అతనికి వచ్చిందట. ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. తలుపుల కింది అంచుల్లో తుప్పు లేదు. సీట్ల కుట్లు ఊడలేదు. టూల్‌కిట్‌లో స్పానర్లు కూడా వాటి గుడ్డసంచీలోనే ఉన్నాయి. చూస్తుంటే కడుపు నిండిపోయింది. ఆ తర్వాత ఇంకో ఫొటో తీశాడు. అది లిస్టు. అల్లాయ్ వీల్స్, కొత్త ఇంజను, పవర్ స్టీరింగ్, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, టచ్‌స్క్రీన్, చివర్లో మ్యాట్ గ్రే పెయింటు. “ఎలా ఉందండీ?” అన్నాడు. లోపల కూర్చో, మైకులో చెప్తాను అన్నాను. బాబూ, ఎక్కడున్నావు? ఆ, మూడో వరస. తల దించుకోకు. నీ లిస్టు చూసి నాకు కోపం రాలేదు. నీ వయసులో నా లిస్టు ఇంకా పొడుగు.

మాది 1960 నాటి మోరిస్ మైనర్ 1000. 948 సీసీ ఇంజను, 37 హార్స్‌పవర్. మొదటి గేరుకు సింక్రో, అంటే గేరు సాఫీగా పడేలా చేసే అమరిక, లేదు. బండి పూర్తిగా ఆగాక వేస్తేనే పడుతుంది, తొందరపడితే గర్రుమని తిడుతుంది. నాన్న కొన్న కారు.

నాన్నకు పాలిష్ మీద పెద్ద శ్రద్ధ ఉండేది కాదు. ఆయన శ్రద్ధంతా గ్రీజు మీద. మైనర్ నడిపినవాళ్లకు తెలుసు, ముందు చక్రాల సస్పెన్షన్‌లో ట్రనియన్లని ఉంటాయి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా వాటి మరలు తిరుగుతాయి. వాటికి గ్రీజు అందకపోతే మరలు అరిగిపోయి, ఏదో ఒక రోజు ఏ మలుపులోనో జాయింటు ఊడి, చక్రం మడతపడిపోతుంది. నాన్న పాత గోనె పరుచుకుని బండి కిందకి దూరేవారు. గ్రీజు గన్ మూతిని, గ్రీజు ఎక్కించే నిపుల్‌కి పట్టించి కొట్టడం మొదలుపెడితే ముందు నల్లగా, ఇసుక కలిసిన గ్రీజు పక్కల నుంచి పాములా బయటికి వచ్చేది. ఆ నలుపు పోయి తేనెరంగు కనబడేదాకా కొడుతూనే ఉండేవారు. వేలితో తీసి, బొటనవేలితో రుద్ది చూసి, అప్పుడు గుడ్డతో తుడిచేవారు. లేచాక చిన్న నోటుబుక్కులో తేదీ, మీటరు రీడింగు రాసేవారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ కారు నిటారుగా నిలబడిందంటే అది ఆ తేనెరంగు పుణ్యమే. బాగా కాపాడిన కారు అనగానే మనం ముందు మెరుపు చూస్తాం. బాబూ, మీ తాతగారు కూడా ఇలాంటి బుక్కు ఎక్కడో పెట్టి ఉంటారు. సీట్ల కింద వెతుకు. లిస్టు కంటే ముందు అది చదువు.

రంగు గురించి అనుకున్నాను కదా. రంగు గురించి మొదలుపెడితే నేను ఇక్కడికే వస్తాను. (సంచీలోంచి తీసి చూపిస్తూ) ఇదిగో, ఇది. వెనకవాళ్లకు కనిపిస్తోందా? జానెడు కూడా లేదు. కొసన నారింజరంగు ప్లాస్టిక్కు, లోపల చిన్న బల్బు. దీని పేరు ట్రాఫికేటర్. మా కారు తయారైనప్పుడు దానికి మినుకుమనే ఇండికేటర్లు లేవు. మైనర్‌కు అవి 1961లో వచ్చాయి. అంతకుముందు తలుపు పక్క స్తంభంలో, అటొకటి ఇటొకటి, నిలువుగా సన్నటి కంతలుండేవి. వాటిలో ఈ చేతులు ముడుచుకుని పడుకునేవి. స్విచ్ తిప్పితే లోపల సోలినాయిడ్, అంటే కరెంటు వస్తే అయస్కాంతమయ్యే తీగచుట్ట, లాగుతుంది. టక్ మని చెయ్యి బయటికి లేచి, వెలుగుతూ నిలబడుతుంది. మలుపు తిరిగాక స్విచ్ వెనక్కి తిప్పితే టక్ మని పడుకుంటుంది. బడిలో చెయ్యెత్తి నిలబడ్డ పిల్లాడిలా ఉండేది.

వెనక ఫెండర్‌కు చిన్న సొట్ట పడింది. నాన్న ఊళ్లో లేరు. ఆయన వచ్చేలోపు బాగు చేయించి ఆశ్చర్యపరుద్దామని నేను ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. షెడ్డు పేరు అడక్కండి, చెప్పను. సొట్ట తియ్యమన్నాను. వచ్చేముందు ఒక మాట అన్నాను, “మొత్తం నీట్‌గా చేసెయ్యండి” అని. ఆ ఒక్క మాటకు ఇన్నేళ్లుగా వడ్డీ కడుతున్నాను.

వారం తర్వాత వెళ్తే కారు అద్దంలా ఉంది. మొత్తం గీకేసి కొత్త పెయింటు కొట్టారు. ముందూ వెనకా చిన్న ఇండికేటర్ లైట్లు బిగించారు. స్తంభాల్లో ఆ కంతలు లేవు. లోపలి బ్రాకెట్లు కోసేసి, పైన రేకు వెల్డింగ్ చేసి, పుట్టీ పెట్టి నున్నగా తీర్చారు. వేలితో తడిమితే ఎక్కడ అతికారో తెలియలేదు. పనితనానికి వంక పెట్టలేం. నేను కూడా మురిసిపోయాను, ఆ సంగతి దాచను. పాత చేతులేవి అని అడిగితే, “అవెందుకండీ, తుక్కులో పడేశాం” అన్నారు.

నాన్న వచ్చారు. చుట్టూ తిరిగి చూశారు. బాగుంది అన్నారు. స్టార్ట్ చేసి, గేటు దాటి, మలుపు దగ్గర స్విచ్ తిప్పారు. తిప్పి ఆగారు. చెవి అటు పెట్టి, “టక్ మనలేదేంట్రా?” అన్నారు.

అంతే. తిట్టలేదు. ఆ తర్వాత కారు అమ్మాలన్న మాట కూడా రాలేదు. కానీ ఆయన నడిపినన్నాళ్లూ ఇండికేటర్ వేసేవారు, దాంతోపాటు కిటికీలోంచి తన చెయ్యి కూడా బయట పెట్టేవారు. పక్క సీట్లో కూర్చుని నేను రోడ్డు వంక చూసేవాణ్ని.

ఇప్పుడు మీలో ఎవరో లేచి, కొత్త ట్రాఫికేటర్లు దొరుకుతాయి కదా, మళ్లీ పెట్టించుకోవచ్చు కదా అంటారు. దొరికాయి. నా చేతిలో ఉన్నది అలా సంపాదించిన జతలో ఒకటి. కానీ పెట్టాలంటే ఆ స్తంభాన్ని మళ్లీ కొయ్యాలి. బ్రాకెట్లు కొత్తగా చేయించాలి. రంగు మళ్లీ వెయ్యాలి. అంతా అయ్యాక అది ఫ్యాక్టరీ కంతలా కనిపించే నా కంత అవుతుంది. ఫ్యాక్టరీ వేసిన రంగు, ఫ్యాక్టరీ కొట్టిన రేకు ఒక్కసారే వస్తాయి. తర్వాత ఎంత గొప్పగా చేసినా అది రెండోదే.

పాత వాహనాల సంఘాలకు ప్రపంచస్థాయిలో ఫీవా అనే సమాఖ్య ఉంది. 1966 నుంచీ ఉంది. ముప్ఫై ఏళ్లు దాటి, సరైన స్థితిలో ఉంచిన వాహనాన్ని వాళ్లు చారిత్రక వాహనం కింద లెక్కేస్తారు. 2012లో టురిన్ చార్టర్ అని ఒక పత్రం ఆమోదించారు. మార్పు చెయ్యక తప్పకపోతే వీలైనంతవరకు మళ్లీ పాత స్థితికి తెచ్చేలా చెయ్యమని, తీసిన ముఖ్యమైన ఒరిజినల్ భాగాలను వాహనంతోపాటే భద్రపరచమని అందులో ఉంటుంది. నేను చదివినప్పుడు తుక్కులో పడ్డ ఆ రెండు చేతులే కళ్లముందు కనిపించాయి. ఒక అట్టపెట్టె సరిపోయేది. ఒక్క అట్టపెట్టె!

అలాగని నేను మార్పుకు శత్రువునని అనుకోకండి. “ఒరిజినల్, ఒరిజినల్” అని గుండెలు బాదుకునేవాళ్లతో నాకు పడదు. బయట మా మైనర్ నిలబడి ఉంది, వెళ్లేటప్పుడు బానెట్ చూడండి. నడుమ పొడుగునా కాస్త లేచిన చదును పట్టీ ఒకటి కనిపిస్తుంది. దానికో కథ ఉంది. ఆ కారు డిజైనర్ అలెక్ ఇసిగోనిస్‌కు నమూనా కారు మరీ ఇరుకుగా ఉందనిపించింది. దాన్ని పొడుగునా రెండుగా కోయించి, రెండు సగాలనూ దూరం జరిపిస్తూ చూశాడు. నాలుగు అంగుళాల దగ్గర సరిపోయింది అన్నాడు. అప్పటికే బంపర్లు తయారైపోయాయి. వాటిని మధ్యకు కోసి, నడుమ ముక్క అతికి మొదటి కార్లకు బిగించారు. 1948లో కారు అలా బయటికి వచ్చింది. పుట్టకముందే కోతపడ్డ కారుకు నేను ఒరిజినాలిటీ కాపలా కాస్తున్నాను. చూడండి నా సంబడం!

ఇంకొకటి. కాలిఫోర్నియాలో పెబుల్ బీచ్ అని పాత కార్ల అందాల పోటీ ఉంది కదా, 1950 నుంచి జరుగుతోంది. చాలా కాలం అక్కడ పెద్ద బహుమతి అద్దంలా రిస్టోర్ చేసిన కార్లకే. 2024లో మొదటిసారి, రిస్టోర్ చెయ్యకుండా ఉన్నదున్నట్టు ఉంచిన కారుకు ఇచ్చారు. 1934 నాటి బుగాటి టైప్ 59. వార్త చూసి నేను ఎగిరి గంతేశాను, మన పక్షం గెలిచిందని. తర్వాత దాని చరిత్ర చదివాను. అది మొదట గ్రాండ్ ప్రి రేసు కారు. 1934లో బెల్జియం గ్రాండ్ ప్రి గెలిచింది. ఆ తర్వాత బుగాటి వాళ్లే దాన్ని స్పోర్ట్స్ కారుగా మార్చేశారు. బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ చేతికి వెళ్లాక నల్లరంగు, పసుపు చార పడ్డాయి. అంటే అక్కడ కాపాడింది ఒక మార్పునే! కారుకు జరిగినదాన్ని చెరపకుండా ఉంచారు, దానికే బహుమతి. మరి ఆ లెక్కన మా షెడ్డువాడు మూసిన కంతలు కూడా చరిత్రేనా అని మా అబ్బాయి అడిగాడు. ఏం చెప్పాలో తోచక కాఫీ తాగావా అని అడిగాను.

చీటీ వచ్చింది, ఐదు నిమిషాలే ఉందట. ఇంజను వదిలేస్తాను. బ్రేకుల సంగతి వదలను.

మైనర్‌కు బ్రేక్ మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు తోసేది, డ్రైవరు కాళ్ల అడుగున, ఫ్లోరు కింద ఉంటుంది. ఆయిల్ చూడాలంటే కార్పెట్ ఎత్తాలి. ఎత్తే ఓపిక నాకు ఉండేది కాదు. పైగా నాలుగు చక్రాలకూ ఒకటే లైను. ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. ఒకరోజు దిగుడులో పెడల్ నొక్కితే కాలు నేలకు తగిలింది. మళ్లీ నొక్కాను, మళ్లీ నేలే. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ మీద నడుస్తుంది కాబట్టి బతికాను. గేరు తగ్గిస్తూ, లాగుతూ, పక్కన మట్టిలోకి దింపాను. దిగాక మోకాళ్లు ఆడుతూనే ఉన్నాయి. చూస్తే రబ్బరు హోస్ పగిలింది. బయటికి బాగానే కనిపించేది, లోపల వయసైపోయింది. మెకానిక్ వెంటనే, “ఈ పాత బ్రేకులు పనికిరావండీ, డిస్కులు వేద్దాం” అన్నాడు. హోసులన్నీ, వీల్ సిలిండర్లన్నీ కొత్తవి వెయ్యి, పాత డ్రమ్ము బ్రేకులు అలాగే ఉంచు అన్నాను. ఆ 37 హార్స్‌పవర్‌కు అవి చాలు. చాలామంది పాత డిజైన్ తప్పు అనేది చాలాసార్లు ముదిరిపోయిన రబ్బరు తప్పు. డిజైన్ మార్చేముందు దాన్ని కొత్త భాగాలతో ఒకసారి చూడాలి కదా.

ఇక ఒప్పుకోలు. నా కారుకు నేనే ఆరు కంతలు పెట్టాను. డ్రిల్లుతో, నా చేత్తో. ముందు రెండు సీట్లకు మూడు కొసల సీటు బెల్టులు, వెనక మందపాటి రేకు ముక్కలు ఆనించి మరీ బిగించాను. మా కారులో బెల్టులు లేవు. మూడు కొసల బెల్టు వోల్వోవాళ్లు 1959లోనే కార్లలో పెట్టారు, మనవాళ్లకు అప్పుడది అందలేదు. ఆ ఆరు కంతలకూ నాకు ఒక్క రాత్రి కూడా నిద్ర చెడలేదు. మూసిన రెండింటికి మాత్రం ఇప్పటికీ చెడుతుంది. ఇందులో తర్కం ఉందో లేదో మీరే చెప్పండి.

బాబూ, నీ లిస్టు. అల్లాయ్ వీల్స్ పెట్టుకో. కానీ పాత చక్రాలు, వాటి క్యాపులు ఇంట్లోంచి కదలకూడదు. టచ్‌స్క్రీన్ పెట్టేముందు నీ కారు పాజిటివ్ ఎర్తా, నెగటివ్ ఎర్తా, అంటే బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపారా, మైనస్ కొస కలిపారా చూడు. మా మైనర్ పాజిటివ్ ఎర్త్. తెలియక ఫోన్ చార్జర్ మామూలుగా కలిపితే పొగ వచ్చింది, పోయింది చార్జర్ ఒక్కటే కాబట్టి సరిపోయింది. పవర్ స్టీరింగ్ అంటావా, ముందు టైర్లలో గాలి చూడు, గ్రీజు చూడు, తర్వాత మాట్లాడుకుందాం. కొత్త ఇంజను, మ్యాట్ గ్రే మాత్రం వద్దు. కొయ్యాలని మరీ మనసైతే, ఇప్పటికే తుప్పు తిని సగం భాగాలు పోయిన బండి ఒకటి కొనుక్కో. దాన్ని నీ ఇష్టం వచ్చినట్టు కొయ్యి, నేనొచ్చి డ్రిల్లు పట్టుకుంటాను. నిజంగా వస్తాను. ఇది మాత్రం ఒక ఏడాది ఏమీ చెయ్యకుండా నడుపు. ఎండలో, వానలో, రాత్రిపూట. అప్పటికి ఆ లిస్టులో ఎన్ని మిగులుతాయో నాకు ఫోన్ చేసి చెప్పు.

ఇక కూర్చుంటాను. ఈ ట్రాఫికేటర్‌ను ముందు వరస నుంచి పంపిస్తున్నాను, చివరిదాకా వెళ్లనివ్వండి. తీగలు రెండూ ఈ చిన్న బ్యాటరీకి కలిపి ఉన్నాయి, పక్కన స్విచ్ ఉంది. నొక్కేటప్పుడు కాస్త మాటలు ఆపితే వినిపిస్తుంది. తిరిగొచ్చాక లెక్క చూసుకుంటాను, ఇంట్లో దీనికో అట్టపెట్టె ఉంది.