‘నొప్పి’ అంటే సరిపోదు, ఎలాంటి నొప్పో చెప్పండి

(ఆర్కే బీచ్. మే నెల మిట్టమధ్యాహ్నం. చెప్పు విప్పిన కాలు ఇసుక మీద పడుతుంది.)

నమస్తే అండి. చూశారుగా, కాలు ఇసుకకి ఇలా తగిలిందో లేదో అలా వెనక్కి వచ్చేసింది. తీసెయ్యమని మెదడు చెప్పిందనుకుంటాం, కాదు. అరికాలి నుంచి కబురు వెన్నుపాముకి చేరగానే అక్కడి నుంచే కండరాలకి ఆర్డర్ వెళ్ళిపోయింది, "అబ్బా" అని మనకి తెలిసేది ఆ తర్వాతే.

ఇంకోటి గమనించండి. ముందు చురుక్కుమంటుంది, కాస్త ఆగి మంట మొదలవుతుంది. ఈ రెండూ వేరే వేరే తీగల మీద వస్తాయి. చురుకుని మోసేవి ఎ-డెల్టా పోగులు, కరెంటు వైరుకి ఉన్నట్టే వీటికి మైలిన్ అనే పల్చటి తొడుగు ఉంటుంది కాబట్టి కబురు సెకనుకి 5 నుంచి 30 మీటర్ల దాకా పోతుంది. మంటని మోసే సి పోగులకి ఆ తొడుగు లేదు, సెకనుకి మహా అయితే 2 మీటర్లు. పాదం నుంచి వెన్నుపాముకి దాదాపు మీటరు దూరం ఉంటుంది, అందుకే ఆ రెండో కబురు సెకను దాకా ఆలస్యం. స్టాప్‌వాచ్ లేకుండానే మన నరాల స్పీడు మనకి తెలిసిపోవడం నాకు భలే అనిపిస్తుంది.

(మిరపకాయ బజ్జీల బండి. నూనెలో బజ్జీ పొంగుతూ.)

బజ్జీ తిన్నా మంటే అంటాం, నిప్పు తగిలినా మంటే అంటాం. ఒంట్లో కూడా అది ఒకటే! సుమారు 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే ప్రోటీనే మిరపలోని క్యాప్సైసిన్‌కి కూడా స్పందిస్తుంది. 1997లో దీన్ని బయటపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది, ఆ బహుమతిని ఆర్డెమ్ పటాపౌటియన్‌తో పంచుకున్నారు.

మరి మంచం కోడుకి వేలు తగిలితే రుద్దుకుంటాం, ఎందుకు? స్పర్శని మోసే నరాలు ఇంకా వేగమైనవి, అవి వెన్నుపాములో నొప్పి కబురుకి దారి మూసేస్తాయి. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు 1965లో చెప్పిన గేట్ సిద్ధాంతం ఇదే. వివరాలు తర్వాత కొన్ని మారాయి గానీ అసలు ఆలోచన నిలబడింది.

ఇప్పుడు నొప్పిలో రకాలు. మొదటిది, ఒంట్లో ఎక్కడో దెబ్బో అలుపో ఉంటే వచ్చేది. సింహాచలం గిరి ప్రదక్షిణ చేసి, 32 కిలోమీటర్లు నడిచి ఇంటికొచ్చాక పిక్కలు పీకేస్తాయి. అక్కడ నరం బాగానే ఉంది, కండరం అలిసింది, ఆ కబురే నరం మోసుకొచ్చింది. పంటి పోటు, తెగిన వేలి సలుపు కూడా ఈ కోవే. లోపలి అవయవాల నొప్పితోనే జాగ్రత్త: గుండె నుంచి, ఎడమ చేతి నుంచి వచ్చే నరాలు వెన్నుపాములో ఒకే చోటికి చేరతాయి, మెదడు చిరునామా తప్పుగా చదువుతుంది. గుండె బరువుగా ఉండి చెయ్యో దవడో లాగుతుంటే గ్యాసేలే అని సోడా తాగి పడుకోకండి, 108కి ఫోన్ చెయ్యండి.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. మా అమ్మకి చాలా ఏళ్ళుగా షుగర్. రాత్రి రెండింటికి లేచి, చల్లటి గచ్చు మీద అరికాళ్ళు ఆనించుకుని కూర్చునేది. మాతో "చీమలు పాకుతున్నట్టుందిరా, మండిపోతోంది" అనేది, డాక్టర్ దగ్గర మాత్రం "కాళ్ళ నొప్పులండి" అని ఊరుకునేది. నెలల తరబడి మామూలు నొప్పి బిళ్ళలు వేసుకుంది, తగ్గలేదు, తగ్గవు కూడా. ఎందుకంటే పాదంలో దెబ్బ లేదు, పాడైంది కబురు మోసే నరమే. ఇది రెండో రకం, దీన్ని న్యూరోపతిక్ నొప్పి అంటారు. మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు, షాక్ కొట్టినట్టు, దుప్పటి తగిలినా జివ్వుమనడం, ఇవీ దాని గుర్తులు. దీనికి ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్ లాంటి వేరే మందులుంటాయి, డాక్టర్ రాసిస్తేనే వాడాలి.

మూడో రకం కూడా ఉంది, నోసిప్లాస్టిక్. దెబ్బ కనిపించదు, నరమూ తెగలేదు, నొప్పిని మోసి అర్థం చేసుకునే ఏర్పాటే అతిగా స్పందిస్తుంది. ఫైబ్రోమయాల్జియా అలాంటిదే. రిపోర్టులు నార్మల్ వచ్చాయని అలాంటివాళ్ళని నటిస్తున్నారు అనకండి, దయచేసి.

(అరికాలు. సన్నటి నైలాన్ దారం చర్మానికి తగిలి వంగుతుంది.)

తర్వాతసారి అమ్మ చీమల మాట చెప్పింది. వెంటనే డాక్టర్ ఇదిగో ఇలాంటి దారం తీసి, ఆమెని కళ్ళు మూసుకోమని, అరికాల్లో ఒక్కోచోట ఆనిస్తూ "తగులుతోందా అమ్మా?" అని అడిగారు. బొటనవేలి కింద ఆనించి దారం వంగేదాకా నొక్కారు. అమ్మ "ఇంకా పెట్టలేదు కదండీ" అంది.

అందుకే ఇప్పుడు బీచ్‌కి తీసుకొస్తే అమ్మని చెప్పులు విప్పనివ్వను. ఇందాక మీరు చూసిన ఇసుకలో, ఆ కాలు వెనక్కి రాకపోవచ్చు.