ప్లగ్ పీకేసినా ట్యాంకు నిండే ఉంటుంది: ఇంట్లో ట్యూబ్ గిటార్ యాంప్ రిపేరు

నమస్కారం, కడప నుంచి మాట్లాడుతున్నా. రిపేరులోకి వెళ్లేముందు ఒక మాట చెప్పి తీరాలి. పోయిన వారం చర్చిలో గిటార్ వాయించే తమ్ముడొకడు తన ట్యూబ్ యాంప్, అంటే లోపల గాజు వాల్వులతో పనిచేసే గిటార్ యాంప్లిఫయర్, మోసుకొచ్చాడు. ఆన్ చేస్తే చాలు, ఒకటే గుయ్‌మనే మోత. నేను టీ తెచ్చేలోపు స్క్రూలన్నీ విప్పేసి, ఛాసిస్, అంటే భాగాలన్నీ బిగించిన లోహపు చట్రం, బయటికి లాగి, లోపలికి వేలు పెట్టబోతున్నాడు. గట్టిగా అరిచాను. "ప్లగ్ పీకేసినా కదన్నా, ఇంకేం కొడుతుంది?" అన్నాడు. ఈ మాట వినని నెల లేదు నాకు, అదీ కొత్తవాళ్ల దగ్గరే కాదు, ఏళ్ల తరబడి ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసిన వాళ్ల నోట కూడా. అందుకే ఈ వీడియోలో సగం దీనికే పెడుతున్నా.

మీ మిద్దె మీద ట్యాంకు గుర్తు తెచ్చుకోండి. బోరు మోటారు ఆపేశారు, ఆపైన కరెంటు కూడా పోయింది. కింద కొళాయి తిప్పితే నీళ్లు రావా? ధారగా వస్తాయి. యాంప్‌లో ఆ ట్యాంకు పేరు ఫిల్టర్ కెపాసిటర్. ప్లగ్ పీకడం అంటే మోటారు ఆపడం, అంతే, ట్యాంకు నిండుగానే ఉంది. అందులో ఉండేది 300 నుంచి 450 వోల్టుల డీసీ, గోడ సాకెట్‌లో వచ్చే 230 కంటే చాలా ఎక్కువ. ప్రాణం పోయేంత.

ఇంకొకటి, ఇది ఎవరూ సరిగా చెప్పరు. బాగున్న యాంప్ కంటే చెడిపోయిన యాంపే ఎక్కువ ప్రమాదం. బాగున్న యాంప్‌ను ఆపితే, ట్యూబులు చల్లారేలోపు ట్యాంకులో నీళ్లను అవే కొంత తాగేస్తాయి. ట్యూబ్ చచ్చిపోయి ఉంటే తాగేవాళ్లు లేరు, కొళాయి మూసుకుపోయినట్టే. కొన్ని యాంపుల్లో ట్యాంకు మెల్లగా ఖాళీ కావడానికి బ్లీడర్ రెసిస్టర్ వేస్తారు, కొన్నింటిలో అసలు ఉండదు, ఉన్నా మాడిపోయి ఉండొచ్చు. దాన్ని నమ్ముకుని చెయ్యి పెట్టొద్దు.

[క్లోజప్: క్లిప్పులు కట్టిన రెసిస్టర్]

ఖాళీ చేయడం ఇలా. 10 కిలో ఓమ్, 10 వాట్ల రెసిస్టర్ ఒకటి, రెండు వైపులా వైరు, చివర ప్లాస్టిక్ తొడుగు ఉన్న క్రొకొడైల్ క్లిప్పులు. ప్లగ్ పీకి పక్కన కంటికి కనబడేలా పెట్టండి. ఉంగరం, వాచీ తీసేయండి. ఒక క్లిప్పు ఛాసిస్‌కు, ఇంకోటి కెపాసిటర్ ప్లస్‌కు, ఒక్క చేత్తో మాత్రమే, రెండో చెయ్యి వెనక్కి. పది సెకన్లు ఆగి మల్టీమీటర్‌ను 1000 వోల్టుల డీసీలో పెట్టి చూడండి. రెండు మూడు వోల్టులకు దిగాలి. యాంప్‌లో ట్యాంకు ఒక్కటే ఉండదు, మూడు నాలుగు ఉంటాయి, ప్రతిదాన్నీ విడివిడిగా చూడాలి. పని చేస్తున్నంతసేపూ క్లిప్పు అలాగే ఉంచండి, ఎందుకంటే ఖాళీ చేసిన కెపాసిటర్‌లో కాసేపటికి కొంచెం వోల్టేజ్ మళ్లీ ఊరుతుంది, ట్యాంకు గోడల్లో ఇంకిన చెమ్మ దిగినట్టు.

కొందరు స్క్రూడ్రైవర్ పెట్టి ఠాప్‌మని షార్ట్ చేస్తారు. ఆ పద్ధతి నాకస్సలు గిట్టదు. ట్యాంకు ఖాళీ చేయడానికి అడుగున గునపం పెట్టి పొడుస్తామా? కొళాయి తిప్పి వదులుతాం.

ఇప్పుడు యాంప్ మొత్తాన్ని ఈ ట్యాంకుతోనే చూద్దాం. ట్యూబ్‌ను ఇంగ్లండు వాళ్లు వాల్వు అనే అంటారు, మన పెద్దవాళ్లు కూడా ఆకాశవాణి కడప కేంద్రం విన్నది వాల్వు రేడియోల్లోనే. 1904లో ఫ్లెమింగ్ చేసిన మొదటి వాల్వు కరెంటును ఒకవైపే పోనిచ్చేది, మన బోరు పైపులో నాన్ రిటర్న్ వాల్వు లాగా. 1906లో లీ డి ఫారెస్ట్ మధ్యలో గ్రిడ్ అని ఒక జల్లెడ పెట్టాడు, దాంతో అది గేట్ వాల్వు అయింది. గేట్ వాల్వు పిడిని వేళ్లతో తిప్పితే నాలుగించుల పైపులో నీళ్లు మీ మాట వింటాయి కదా, అలాగే గిటార్ నుంచి వచ్చే ఆ చిన్న సిగ్నల్ పిడి తిప్పుతుంది, ట్యాంకులోని పెద్ద ఒత్తిడి స్పీకర్‌ను ఊపుతుంది. నాకు దీని గురించి ఎన్నిసార్లు ఆలోచించినా ముచ్చటగానే ఉంటుంది. ఎరుపు వెలుగు కనబడితే ట్యూబ్ బాగుందనుకుంటారు చాలామంది. ఆ వెలుగు ట్యూబ్‌ను లోపల వేడిచేసే తీగ, అంటే హీటర్‌ది. హీటర్ వెలిగినా ట్యూబ్ పని చేయకపోవచ్చు.

సరే, మోత సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్. దాన్ని డీసీగా మార్చే రెక్టిఫయర్ దాటాక అది సెకనుకు 100 దెబ్బలుగా ట్యాంకులో పడుతుంది. పెద్ద ట్యాంకైతే మోటారు కొట్టే దెబ్బలు కొళాయి దాకా రావు, నీళ్లు సమంగా పడతాయి. ఏళ్లు గడిచాక అడుగున మట్టి పేరుకుని ట్యాంకులో పట్టే నీళ్లే తగ్గిపోతే? దెబ్బలు స్పీకర్‌లో వినబడతాయి. ఫిల్టర్‌గా వాడే ఎలక్ట్రోలిటిక్ రకం కెపాసిటర్‌కు పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఒక లెక్క. మన ఎండలకు, ట్యూబుల పక్కన, ఆ డబ్బాలో అది ఎంత మగ్గుతుందో మీరే ఊహించండి.

గిటార్ ఉన్నవాళ్లకు మీటర్ కూడా అక్కర్లేని పరీక్ష ఒకటుంది. అన్నిటికంటే లావుగా ఉండే E తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కి జి స్వరం వాయించండి, అది 98 హెర్ట్జ్. మోత దాదాపు అదే శ్రుతిలో ఉంటే అనుమానం ఫిల్టర్ కెపాసిటర్ మీద. ఒక స్థాయి కింద ఉంటే హీటర్ వైరింగో, ఎర్తో, గిటార్ కేబులో చూడాలి. అమెరికా వీడియోల్లో 60, 120 అంటారు, అది వాళ్ల కరెంటు. తర్వాత వాల్యూమ్ తిప్పండి. మోత మారకపోతే తప్పు వాల్యూమ్ తర్వాతో, పవర్ సప్లైలోనో ఉంది. ఇంత తేలిగ్గా తెలిసేదానికి ముందే వేల రూపాయలు పోసి కొత్త ట్యూబుల సెట్ తెప్పించేస్తారు! ట్యాంకులో మట్టి ఉంటే కొళాయి మార్చి ఏం లాభం?

[బల్లమీద సీరీస్ బోర్డు]

కెపాసిటర్ మార్చేటప్పుడు ప్లస్ మైనస్ తారుమారైతే పేలుతుంది, వోల్టుల రేటింగ్ పాతదానికంటే తగ్గకూడదు. మార్చాక నేరుగా ప్లగ్ పెట్టొద్దు. పాత రేడియో షాపుల్లో ఉండే సీరీస్ బోర్డు, అంటే కరెంటు ఒక బల్బు గుండా యాంప్‌కు వెళ్లేలా కట్టిన బోర్డు, వాడండి, 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బుతో, ఎల్ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిది. అలాగే భగభగ వెలుగుతూ ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, ఆపేయండి. ఫ్యూజ్ పోతే పెద్ద ఫ్యూజ్ వేయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. బల్ల మీద పరీక్షించేటప్పుడు స్పీకర్ తప్పకుండా తగిలించి ఉండాలి, మోటారు తిరుగుతుండగా డెలివరీ పైపు మూస్తే ఏమవుతుందో ట్యూబులకూ స్పీకర్‌కూ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు అదే అవుతుంది. పవర్ ట్యూబ్ లోపలి ప్లేటు ఎర్రగా కాలుతుంటే వెంటనే ఆపండి, బయాస్, అంటే వాల్వు పిడిని ఎంత మూసి ఉంచాలో చెప్పే వోల్టేజ్, పోయింది, లేదా ఒక ట్యూబ్ నుంచి ఇంకోదానికి సిగ్నల్ పంపే కప్లింగ్ కెపాసిటర్ లీకై వాల్వు పిడిని తెరిచి పట్టుకుంది. పవర్ ట్యూబులు మార్చితే బయాస్ చూడాలి: ఈఎల్ 34 అనే పవర్ ట్యూబ్‌కు ఒక్కోదానికి గరిష్ఠం 25 వాట్లు, అందులో 70 శాతం అంటే 17.5, ప్లేటు మీద 450 వోల్టులుంటే సుమారు 39 మిల్లీ ఆంపియర్లు. ఇది యాంప్ ఆన్‌లో ఉండగా చేసే పని కాబట్టి, అలవాటు లేకపోతే తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. కరకరలాడితే వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే పాట్లకు కాంటాక్ట్ క్లీనర్, ట్యూబ్ సాకెట్‌కూ అదే, జాక్ దగ్గర డ్రై సోల్డర్, అంటే సరిగా అంటుకోని టంకం, ఉందేమో చూడండి. చెక్క పెన్సిల్‌తో చిన్న ట్యూబులను మెల్లగా తట్టండి, ఏది తడితే స్పీకర్‌లో టంగుమంటుందో దాన్ని మార్చండి. అమెరికా నుంచి తెచ్చిన 120 వోల్టుల యాంపైతే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన సాకెట్‌లో పెట్టొద్దు.

తమ్ముడి యాంప్‌లో మోత సరిగ్గా జి దగ్గరే ఉంది. ఫిల్టర్ కెపాసిటర్లు మార్చాం, ట్యూబులు పాతవే. సీరీస్ బల్బు మసకబారింది, ఇప్పుడు నేరుగా పెడుతున్నాం. నువ్వే ఆన్ చెయ్ తమ్ముడూ, వాల్యూమ్ సగానికి పెట్టు, ఇంకా ఏమీ వాయించకు.

[పది సెకన్లు నిశ్శబ్దం]

ఇప్పుడు వాయించు.