డెమో క్లాసులో ఏం చూస్తారు?

శ్రోతలకు నమస్కారం. బీఈడీ ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లతో ఈ పూట కాసేపు మాట్లాడుకుందాం. హైదరాబాద్‌లో ప్రైవేటు స్కూళ్లు వచ్చే ఏడాదికి టీచర్లను ఎక్కువగా ఎండాకాలంలోనే తీసుకుంటాయి. ఇంటర్వ్యూలో మీ ఫైలు అలా తిరగేస్తారు. అసలు చూసేది డెమో క్లాసు, అంటే మీరు వాళ్ల ముందు చెప్పి చూపించే పాఠం.

ఇచ్చేది పది, పదిహేను నిమిషాలు. మీది లెక్కలే అనుకుందాం, అందులో భిన్నాల చాప్టరంతా చెప్పాలని దిగితే నిర్వచనం దగ్గరే టైమైపోతుంది. ఒక్క ముక్క తీసుకోండి. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా? చాలామంది పిల్లలు నాలుగో వంతే అంటారు. మూడు కన్నా నాలుగు పెద్దది కదా! పాఠం ఆ తప్పు దగ్గర మొదలవ్వాలి.

24 సెంటీమీటర్ల కాగితం పట్టీలు ఇద్దరు పిల్లలకు రెండు చొప్పున ఇవ్వండి. ఒకటి 8 సెంటీమీటర్ల లెక్కన మూడు భాగాలు, రెండోది 6 లెక్కన నాలుగు. నాలుగు భాగాలు సులువే, సగానికి మడిచి మళ్లీ సగానికి మడిస్తే వచ్చేస్తాయి. మూడే కుదరవు, అందుకని ఇంట్లోనే స్కేలు పెట్టి గీతలు గీసుకెళ్లండి. రెండు పట్టీలూ సరిసమానంగా ఉండాలి. ఒకటి పొట్టిదైతే పోలికే తప్పవుతుంది, చురుకైన పిల్లాడు అక్కడే పట్టేస్తాడు. బోర్డు మీదైతే 60 సెంటీమీటర్ల పట్టీ గీస్తే భాగాలు 20, 15 చొప్పున వస్తాయి, వెనక బెంచీకీ కనిపిస్తుంది.

చివర్లో "అర్థమైందా?" అని మాత్రం అడక్కండి. "యెస్ మేడమ్" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరుస్తుంది, మీకు తెలిసేదేమీ ఉండదు. ఐదో వంతు, ఆరో వంతుల్లో ఏది పెద్దది, ఎందుకు అని అడగండి. అడిగాక కనీసం మూడు సెకన్లు నోరు మెదపకండి. కంగారులో జవాబు మనమే చెప్పేస్తాం, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పిల్లాడు హిందీలోనో తెలుగులోనో చెబితే ఆపకండి. విని, అదే మాట ఇంగ్లిష్‌లో మీరు చెప్పండి. కొన్నిచోట్ల పిల్లల బదులు ప్రిన్సిపాల్, టీచర్లు కూర్చుంటారు. కాస్త మొహమాటంగానే ఉంటుంది, అయినా వాళ్లనూ ప్రశ్నలడగాల్సిందే.

తర్వాత తప్పకుండా వచ్చే ప్రశ్న, హోంవర్కు చేయని పిల్లవాణ్ణి ఏం చేస్తారని. బెంచీ ఎక్కిస్తామన్నారో, అంతే సంగతులు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడంతోపాటు మానసిక వేధింపునూ నిషేధించింది. నోట్‌బుక్ తెరిచి ఎక్కడ ఆగాడో చూస్తాననీ, ఇంటర్వెల్‌లో పక్కన కూర్చోబెట్టుకుని రెండు లెక్కలు చేయిస్తాననీ చెప్పండి.

టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష, దాని మెమో ఫైల్లో పెట్టుకోండి. ఐదో తరగతి వరకు పేపర్ 1, ఆరు నుంచి ఎనిమిది వరకు పేపర్ 2. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తీసుకోండి, జిరాక్సులు మాత్రమే ఇవ్వండి. జీతం పన్నెండు నెలలకా, సెలవులు తీసేసి పది నెలలకా అన్నది అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాయించుకోండి.