సద్దుల బతుకమ్మ తెల్లారే పోయాలె: దీపావళి సువాసన కొవ్వొత్తుల కిట్ రివ్యూ

నమస్తే అందరికీ, హన్మకొండ నుంచి మాట్లాడుతున్న. ఈ రెండు గ్లాసులు చూడుండ్రి. రెండిట్ల ఒకటే మైనం, ఒకటే మల్లె నూనె, ఒకటే కొలత. ఎడమ దిక్కుది నిన్న పోసిన. కుడి దిక్కుది సద్దుల బతుకమ్మ తెల్లారి పోసిన, ఇయ్యాల్టికి 16 దినాలు. పొద్దున రెండూ వేరే వేరే అర్రలల్ల ముట్టించిన. ఎడమది ముక్కు దగ్గర పెడితేగాని వాసన తెలుస్తలేదు. కుడిది ముట్టించి అర్ధగంట అయిందో లేదో, మా అత్తమ్మ వంటింట్లకెళ్లి "మల్లెపూలు ఎక్కడియే ఇప్పుడు?" అని అడిగింది.

ఆన్‌లైన్ల తెప్పించిన కిట్ ఇది. కిలో సోయా మైనం, వత్తులు, నాలుగు వాసన నూనెలు వచ్చినయ్. మైనం నాకు బాగ నచ్చింది. గిన్నెకు అంటినా వేడినీళ్లు, సబ్బుతోనే పోతది. కానీ లోపలి కాగితం మీద "గడ్డకట్టగానే వెలిగించండి" అని రాసిండ్రు. అట్ల చేస్తే నూనె పైసలు దండుగే. సోయా మైనం పైకి గడ్డకట్టినా లోపల ఇంకా గట్టిపడుతనే ఉంటది, వాసన కుదురుకునుడు అప్పుడే. వారం తక్కువ, రెండు వారాలైతే మంచిది. మనకు సద్దుల నుంచి దీపావళి అమాస దాక మూడు వారాలు ఉండనే ఉన్నయ్. గౌరమ్మను సాగనంపి వచ్చినంక, తెల్లారే ఈ పని పెట్టుకోండి.

గంజుల నీళ్లు కాగబెట్టి, అందుల స్టీలు గిన్నె పెట్టి మైనం కరిగించాలె. నేరుగ మంట మీద అస్సలు వద్దు. 80 డిగ్రీలు దాటినంక దించి, 100 గ్రాముల మైనానికి 8 గ్రాముల నూనె పోసి, రెండు నిమిషాలు మెల్లగ కలపాలె. ఎక్కువ పోస్తే వాసన పెరగదు, పైన చెమట పట్టినట్టు నూనె తేలుతది. 60 డిగ్రీలకు చల్లారినంక గ్లాసుల పోయుండ్రి. బాడీ స్ప్రే కలుపుదామనుకునేటోళ్లు ఆగుండ్రి, అండ్ల ఆల్కహాల్ ఉంటది, భగ్గుమంటది. మైనం అంటుకుంటే నీళ్లు చల్లొద్దు, స్టవ్ బంద్ చేసి మూత పెట్టాలె.

కిట్‌ల నన్ను బాధపెట్టింది వత్తులే. మరీ సన్నం. జర దగ్గరికి చూపిస్త: వత్తి చుట్టూ రూపాయి బిళ్లంత గుంత పడి, మైనం అంచుల పొంటి గోడ లెక్క నిలబడ్డది. ఎనిమిది సెంటీమీటర్ల గ్లాసుకు ఈ వత్తి చాలదు. రెండు వత్తులు పెడితే సరిపోయింది. మొదటిసారి ముట్టించినప్పుడు మైనం అంచు దాక కరిగేవరకు ఆర్పకుండ్రి.

మట్టి ప్రమిదలల్ల కూడ పోసి చూసిన. ముట్టించిన గంటకే కింద గుడ్డ మీద మరక. మట్టి కరిగిన మైనాన్ని పీల్చుకుంటది, అందుకే ప్రమిదలను నువ్వుల నూనెకే ఉంచిన, దేవుని దగ్గరికి అవే.

మైనం, నూనెల కోసమైతే ఈ కిట్ మళ్ల కొంట, వత్తులు విడిగ తీసుకుంట. ఈ ఎడమ గ్లాసుకు మూత పెట్టి దాస్తున్న. దీపావళికి అందదు గాని, కార్తీక పున్నానికి తులసి గద్దె కాడ ముట్టిస్త.