మా డాబా మీదికి పోలీసు డ్రోన్ రావచ్చా?

యాంకర్: హలో, చెప్పండమ్మా. ఎక్కడినుంచి?

కాలర్: తెనాలి దగ్గర పల్లెటూరండీ. మొన్న డాబా మీద వడియాలు పెడుతుంటే నెత్తిమీద జుయ్యిమని శబ్దం. తలెత్తితే డ్రోను! మా వెనక తోటలో పేకాటోళ్ళ కోసం పోలీసులు ఎగరేశారంట. పిండి చేతుల్తోనే లోపలికి పరిగెత్తా. మా స్నానాలగదికి పైకప్పు కూడా లేదండీ. ఇట్టా తీయొచ్చా?

యాంకర్: రేడియో సౌండు కాస్త తగ్గించండమ్మా... ఆ, ఇప్పుడు బాగుంది. లాయర్ గారూ?

లాయర్: అమ్మా, ఎగరేయడం వేరు, తీయడం వేరు. ఎగరేయడానికి 2021 డ్రోన్ నిబంధనలున్నాయి. వాటినుంచి పూర్తిగా తప్పించింది సైన్యం, నౌకాదళం, వైమానికదళం డ్రోన్లనే. ఆ వరుసలో పోలీసు అన్న మాట లేదు. కేంద్రం విడిగా మినహాయింపు ఇస్తే తప్ప స్టేషన్ డ్రోనుకీ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాల్సిందే. గ్రీన్ జోన్‌లో, అంటే మామూలుగా ముందస్తు అనుమతి అక్కర్లేని చోట కూడా, 400 అడుగులు దాటితే అనుమతీ కావాలి.

కాలర్: నాలుగొందలెక్కడండీ, మా కొబ్బరిచెట్టు మొవ్వు కంటే కిందే ఉంది!

లాయర్: (నవ్వుతూ) పైకి హద్దు పెట్టారు కానీ కిందికి పెట్టలేదమ్మా. ఇక తీయడం సంగతి. పోలీసులు డ్రోనుతో ఎవర్ని తీయాలి, ఆ వీడియో ఎన్నాళ్ళు దాచాలి అని చెప్పే ప్రత్యేక చట్టం పార్లమెంటు చేయలేదు. 2023 డేటా రక్షణ చట్టం ఉంది కదా అంటారేమో, నేర నివారణ, దర్యాప్తు అనగానే అది చాలా బాధ్యతల్ని సడలించేస్తుంది. మనకు గట్టిగా ఉన్నది 2017 పుట్టస్వామి తీర్పే. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిలూ తేల్చారు. అందులో ప్రభుత్వం వేలుపెట్టాలంటే చట్టం అండ ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించకూడదు. పేకాట కోసం తోట మీద తిప్పారు, సరే. వడియాల మీద ఎందుకండీ? నన్నడిగితే అది మించడమే.

కాలర్: మరి స్నానాలగది?

లాయర్: అది ఇంకా పెద్ద విషయం. స్నానం చేస్తున్న ఆడమనిషిని కావాలని చూసినా, తీసినా నేరమే, మన శిక్షాస్మృతి భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద. మొదటిసారికే ఏడాదినుంచి మూడేళ్ళ జైలు. ఖాకీ వేసుకుంటే వర్తించదని అందులో లేదు. ముందు ఎస్పీ గారికి రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి, తేదీ, టైము రాసి. సమాచార హక్కు కింద ఆ రోజు డ్రోను ఎవరి ఆదేశంతో ఎగిరింది, వీడియో ఎక్కడుంది అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. దర్యాప్తుకు అడ్డమని కొంత ఆపొచ్చు. ఆపితే ఆ కారణం కాగితం మీద రాసివ్వమనండి, అప్పీలుకు పనికొస్తుంది.

యాంకర్: థాంక్యూ అమ్మా. తర్వాతి కాలర్?

కాలర్: నమస్తే అండీ. డ్రోను వీడియో కోర్టులో చెల్లుద్దా? మా బావమరిదిని పేకాట కేసులో పెట్టారు.

లాయర్: చెల్లుతుంది, కానీ సాక్ష్య అధినియం, అంటే సాక్ష్యాల చట్టం, 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. ఏ పరికరంతో తీశారు, ఫైల్ మారలేదని చూపే హ్యాష్ నంబరెంత, అన్నీ అందులో ఉండాలి. మీ లాయరుని ముందు ఆ కాగితమే చూడమనండి.

కాలర్: మొహం కూడా కనపడదండీ, తువ్వాలు చుట్టుకునే పరిగెత్తా... పరిగెత్తాడు.

యాంకర్: ఎవరండీ?

(లైన్ కట్)