కాఫీ తాగి గుండె స్కానింగ్‌కు ఎందుకు వెళ్లకూడదు?

నమస్కారం. మందుతో చేసే గుండె స్ట్రెస్ స్కానింగ్‌కు వచ్చేవారికి ముందే ఒక మాట చెబుతారు: కనీసం 12 గంటలు కాఫీ, టీ, చాక్లెట్ ముట్టవద్దని. చాలా చోట్ల 24 గంటలు అంటారు. ఈ నియమం వెనకున్న కారణం తెలిస్తే మిథైల్‌జాంథిన్ల పాఠం సగం వచ్చినట్టే.

కాఫీలోని కెఫీన్, కోకోలోని థియోబ్రోమిన్, ఆస్తమా మందు థియోఫిలిన్ ఒకే కుటుంబం; ఆ కుటుంబం పేరే మిథైల్‌జాంథిన్లు. ఆయాసానికి మన దగ్గర ఎక్కువగా రాసే డెరిఫిలిన్‌లో ఉన్నవి థియోఫిలిన్, దాని దగ్గరి చుట్టం ఎటోఫిలిన్.

ఇప్పుడు తెర మీది బొమ్మ చూడండి. గుండె కండరానికి ఆక్సిజన్ చాలనప్పుడు కణాలకు శక్తినిచ్చే ఏటీపీ విరిగి అడినోసిన్ అనే పదార్థం బయటికి వస్తుంది. అది గుండెకు రక్తం తెచ్చే కరోనరీ నాళాల మీది ఎ2ఎ రిసెప్టార్లను (పదార్థాలు వచ్చి అతుక్కునే చోట్లను) పట్టుకుని నాళాన్ని వెడల్పు చేస్తుంది. గుండె లయను నడిపే ఎస్‌ఏ, ఏవీ నోడ్‌లలో ఎ1 రిసెప్టార్లను పట్టుకుని వేగం తగ్గిస్తుంది. అలసిన గుండెకు రక్తం పెంచుతూనే పని తగ్గించడం! నాకు ఎప్పుడు చెప్పినా ఆశ్చర్యంగానే ఉంటుంది. మిథైల్‌జాంథిన్లు ఆ రిసెప్టార్లలో ముందే చేరి కూర్చుంటాయి. వాటిని పనిచేయించవు, అడినోసిన్‌కు చోటివ్వవు.

స్కానింగ్‌లో అడినోసిన్ ఎక్కిస్తే మంచి నాళం బాగా విచ్చుకుంటుంది, పూడిన నాళం అంతగా విచ్చుకోదు. ఆ తేడాయే బొమ్మలో కనిపించాలి. రక్తంలో కెఫీన్ ఉంటే తేడా మాసిపోయి, ఉన్న పూడిక లేనట్టు కనిపించవచ్చు. అందుకే ఈ నియమంలో సడలింపు వద్దంటాను. పీఎస్‌వీటీలో, అంటే గుండె హఠాత్తుగా అతివేగంగా కొట్టుకునే జబ్బులో, ఇచ్చే 6 మిల్లీగ్రాముల అడినోసిన్ థియోఫిలిన్ వాడే రోగికి సరిగా పనిచేయకపోవడానికీ ఇదే కారణం. అడినోసిన్‌ను పెంచే డైపిరిడమోల్ మందుతో చేసే పరీక్షలో ఛాతీనొప్పి, ఆయాసం వస్తే విరుగుడుగా థియోఫిలిన్ ఇంజెక్షన్ రూపమైన అమినోఫిలిన్‌ను నెమ్మదిగా నరానికి ఇచ్చేదీ ఇందుకే.

విద్యార్థులు తడబడేది ఇక్కడే. ‘మిథైల్‌జాంథిన్లు కరోనరీ నాళాలను వెడల్పు చేస్తాయి’ అని రాసి ఆగిపోతారు. మోతాదు పెరిగితే ఫాస్ఫోడైఎస్టరేజ్ అనే ఎంజైము ఆగి, అది విరిచే సైక్లిక్ ఏఎంపీ (కణంలో సంకేతాలు మోసే పదార్థం) పెరిగి, నాళం సడలే మాట నిజమే. ఒకప్పుడు అమినోఫిలిన్‌ను ఆంజైనాకూ (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీనొప్పికీ) ఇచ్చారు. కానీ అదే సైక్లిక్ ఏఎంపీ గుండె వేగాన్నీ, బలాన్నీ పెంచుతుంది. ఆక్సిజన్ అవసరం సరఫరాను దాటిపోతే పూడిన నాళాలున్న గుండెకు కష్టమే.

థియోఫిలిన్ రక్తంలో మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాములు దాటితే గుండెదడ, లయ తప్పడం, మూర్ఛ రావచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్ దాన్ని శరీరంలో నిలవ ఉంచుతాయి. ఆ యాంటీబయాటిక్‌లు రాసేముందు ‘ఆయాసం మాత్రలు వాడుతున్నారా?’ అని తప్పక అడగండి.