బోదురు కప్ప, పెద్ద చెవుల గబ్బిలం: చీకట్లో వేట ఎలా?

[దృశ్యం: వాన నిండిన వరి మడి, రాత్రి. కప్పల బెకబెక.]

మిరుగం వాన గట్టిగా పడ్డ రాత్రి వరంగల్ చుట్టుపక్కల ఏ మడిగట్టున నిలబడ్డా ఈ మోతే. టార్చి వెలుగులో పసుపుపచ్చగా మెరిసేది మగ బోదురు కప్ప. గొంతుకు రెండు పక్కలా ఉబ్బుతున్న నీలి సంచులు చూడండి. ఈ సింగారం జతకట్టే రోజుల వరకే. తర్వాత మళ్లీ మామూలు బురదపచ్చ రంగే.

[దృశ్యం: పాడుబడ్డ గది పైకప్పు, దూరం నుంచి.]

పాత కోటల్లో, గుళ్లలో, మూలబడ్డ బావుల్లో వేలాడేది ఈ పెద్ద చెవుల గబ్బిలం. శాస్త్రీయ నామం లైరోడెర్మా లైరా. బరువు 40–60 గ్రాములు. చెవులు నుదుటి మీద కలిసిపోయి ఉంటాయి, తోక కనిపించదు. రక్తం తాగుతుందన్నది ఉత్తమాట. అలాంటివి 3 జాతులే, అవీ అమెరికా ఖండాల్లోనే.

[దృశ్యం: కప్ప మిడతను పట్టడం, స్లో మోషన్.]

కప్ప కదిలేదాన్ని చూసి పడుతుంది. నాలుక మొదలు నోటి ముందువైపు అతికి ఉంటుంది కాబట్టి విసిరినట్టు బయటికొస్తుంది. ఇక్కడ ఆపి చూడండి: మింగేటప్పుడు కళ్లు మూసుకుంది కదా? నిద్రొచ్చి కాదు, కనుగుడ్లు లోపలికి దిగి తిండిని గొంతులోకి నెడుతున్నాయి.

గబ్బిలం మాత్రం నేలకు మీటరు ఎత్తులోపే ఎగురుతూ చెవులు రిక్కిస్తుంది. ఎండుటాకు మీద ఎలుక నడిచినా, చిన్న కప్ప గెంతినా ఆ చప్పుడే ఆనవాలు. అది వేలాడే చోట కింద వెతికితే కప్ప కాళ్లు, పురుగుల రెక్కలు దొరుకుతాయి. బాగా ఎదిగిన బోదురు కప్ప మాత్రం దాని వల్ల కాదు, దీని బరువే గబ్బిలానికి ఎన్నో రెట్లు.

సంతానంలో అసలు తేడా ఉంది. కప్ప ఒక్క కాన్పులో వేల గుడ్లు పెడుతుంది. తోకకప్పలు ఒకదాన్నొకటి తినేసినా కొన్ని మిగులుతాయి. గబ్బిలానికి మామూలుగా ఏడాదికి ఒక్కటే పిల్ల, పాలిచ్చి పెంచాలి. అందుకే వేసవిలో ఆ గదిలో పొగబెట్టినా, ఫ్లాష్ కొట్టినా పిల్ల జారిపడితే ఆ ఏటికి అంతే.

[దృశ్యం: టార్చికి ఎర్ర కాగితం చుట్టడం.]

చిత్రీకరణకు ఎర్ర వెలుగే వాడండి. కప్ప చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుంది. పురుగుమందు అంటిన చేత్తో ముట్టొద్దు. గబ్బిలాన్ని అసలే పట్టొద్దు. కరిచినా, గీరినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లండి.